ఇంటి ముందు రెసిన్ నేల: పైపొర మీద వాదాలు, అడుగున అసలు సంగతి

బ్రిటన్‌లో పాత సెమీ డిటాచ్డ్ ఇల్లు కొన్నవాళ్లకు త్వరలోనే తగిలే ఖర్చు ఇంటి ముందు స్థలానిది. రెండో కారు వస్తుంది. అది ఎలక్ట్రిక్ కారైతే ఇంటి గోడకే ఛార్జర్ బిగించుకోవాలి, అంటే బండి వీధిలో కాకుండా ఇంటి ముందే ఆగాలి. దానికోసం అక్కడున్న గడ్డీ గులాబీ మొక్కలూ తీసేసి ఏదో ఒకటి పరచాలి. తారా, సిమెంటు బ్లాకులా, కంకరా అన్న పాత ప్రశ్నకు కొన్నేళ్లుగా మరో జవాబు గట్టిగా వినిపిస్తోంది: రెసిన్ బౌండ్. చిన్న గులకరాళ్లు, వాటిని పట్టి ఉంచే పారదర్శకమైన రెసిన్, ఎక్కడా అతుకు కనిపించని నేల. అమ్మేవాళ్లు దీన్ని నీరింకే నేల, కలుపు మొలవని నేల, ఏళ్ల తరబడి మన్నే నేల అంటారు. గిట్టనివాళ్లు ప్లాస్టిక్‌లో ముంచిన రాళ్లంటారు. స్లౌ, రీడింగ్, మిల్టన్ కీన్స్ లాంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ ప్రశ్న కొత్తది కాదు. వాదం చిక్కుపడింది కాబట్టి ఎవరు ఏమంటున్నారో, ఏది తేలిందో, ఏది తేలలేదో వరసగా చూడడం మంచిది.

బౌండ్ వేరు, బాండెడ్ వేరు

సగం గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. రెసిన్ బౌండ్‌లో రాళ్లనూ రెసిన్‌నూ ముందే మిక్సర్‌లో కలిపి, ప్రతి రాయికీ రెసిన్ పట్టించి, ఆ మిశ్రమాన్ని తాపీలతో పరుస్తారు. రాయికీ రాయికీ మధ్య సందులు మిగులుతాయి, నీరు ఆ సందుల్లోంచి దిగుతుంది. రెసిన్ బాండెడ్‌లో మొదట నేలమీద రెసిన్ పూస్తారు, తడి ఆరకముందే పైన రాళ్లు చల్లుతారు, అంటుకోనివి ఊడ్చేస్తారు. మొదటిది బెల్లం పాకం పట్టిన బొరుగుల ఉండ, రెండోది పైన నువ్వులద్దిన అరిసె. బాండెడ్ నేలలో అడుగున రెసిన్ పొర మూతలా పరుచుకుని ఉంటుంది కాబట్టి నీరు ఇంకదు. కాలం గడిచేకొద్దీ పైరాళ్లు రాలుతాయి కూడా.

బాండెడ్ పద్ధతి వయసులో పెద్దది. బ్రిటన్‌లో 1960ల్లోనే జారుడు కూడళ్ల దగ్గర టైర్లకు పట్టు దొరికేలా ఎపాక్సీ రెసిన్ పూసి, కాల్చిన బాక్సైట్ రేణువులు చల్లేవారు. రోడ్ల నుంచి అది ఇళ్ల ముందుకొచ్చింది. బౌండ్ పద్ధతి ఆ తర్వాత పార్కుల బాటల్లో, చెట్ల మొదళ్ల చుట్టూ నిలదొక్కుకుని ఇళ్ల దాకా వచ్చింది. రెండూ ఒకే కరపత్రంలో ‘రెసిన్ డ్రైవ్‌వే’ అన్న ఒక్క పేరుతో కనిపిస్తాయి. కోటేషన్‌లో ఏ పద్ధతో రాయకపోతే, అది పొరపాటు కావచ్చు, కాకపోవచ్చు.

వరద తెచ్చిన నిబంధన

లండన్ అసెంబ్లీ 2005లో ‘క్రేజీ పేవింగ్’ అనే నివేదిక వేసింది. నగరంలో ఇళ్ల ముందు తోటలు కప్పేసిన విస్తీర్ణం 22 హైడ్ పార్కులంత ఉంటుందని అందులో లెక్క కట్టారు. అప్పట్లో అది తోటల ప్రేమికుల ఆవేదనగానే మిగిలింది. 2007 జూన్, జులై నెలల్లో ఇంగ్లండ్‌ను ముంచిన వరదలు ఆ వైఖరిని మార్చాయి. హల్ నగరంలో ఇళ్లు మునిగింది ప్రధానంగా నది పొంగి కాదు, వాననీరు మురుగుకాల్వల్లో పట్టక. దేశమంతటా కలిపి 55 వేల దాకా ఇళ్లూ దుకాణాలూ మునిగాయి. ఆ వరదలపై సర్ మైకేల్ పిట్ సమర్పించిన తుది నివేదిక 2008 జూన్‌లో వచ్చింది. ఇంటి ముందు తోటను నీరింకని పదార్థంతో కప్పే స్వేచ్ఛను యజమానుల నుంచి తీసెయ్యాలన్నది అందులోని సిఫార్సుల్లో ఒకటి.

2008 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండ్‌లో నిబంధన మారింది. ఇంటికీ వీధికీ మధ్య 5 చదరపు మీటర్లకు మించి నేల పరిస్తే, అది నీరింకేదైనా కావాలి, లేదా ఆ నీరు మన ఆవరణలోనే మట్టిలోకో మొక్కల పాదులోకో పారాలి. ఈ రెండూ కాకపోతే ప్లానింగ్ అనుమతి తెచ్చుకోవాలి. పాత నేల తీసి కొత్తది వేసినా ఇదే లెక్క. వేల్స్, స్కాట్లాండ్‌లలో కూడా ఆ తర్వాత ఇలాంటి ఏర్పాట్లే వచ్చాయి.

రెసిన్ బౌండ్ వ్యాపారానికి ఈ నిబంధన వరమైంది. ‘ప్లానింగ్ అనుమతి అక్కర్లేని డ్రైవ్‌వే’ అన్న మాట ప్రతి ప్రకటనలోకీ ఎక్కింది. ఆ మాట సగమే నిజం. చట్టం రెసిన్ వెయ్యమనలేదు. మామూలు తారు వేసి, వాలు పక్కనున్న పూలపాదు వైపు పెట్టినా చట్టం ఒప్పుకుంటుంది. వదులుగా పోసిన కంకరను అది తప్పుపట్టదు. మరోవైపు, నీరింకని అడుగు మీద పరిచిన రెసిన్ బౌండ్ నేల ఆ నిబంధనకు నిలవదు. ఈ చివరి సంగతి ప్రకటనల్లో ఎక్కడా కనిపించదు.

నీరింకుతుందా? మూడు పక్షాలు

మొదటి పక్షం తయారీదారులది, పరిచేవాళ్లది. 6 మి.మీ. రాయితో, బండ్లు తిరిగేచోట 18 మి.మీ. మందాన పరిచిన పొర మీద బకెట్ నీళ్లు కుమ్మరించి చూపిస్తారు. నీళ్లు క్షణాల్లో మాయమవుతాయి. అందులో మోసమేమీ లేదు, పైపొర నిజంగానే తాగుతుంది.

రెండో పక్షం సివిల్ ఇంజనీర్లది, నేలపనిలో తలపండిన కాంట్రాక్టర్లది. బకెట్ నీళ్లు పైపొర దిగాక ఎక్కడికెళ్లాయన్నది వీళ్ల ప్రశ్న. రెసిన్ పొర తనంతట తాను బరువు మొయ్యదు. దాని కింద సందులున్న తారు పొర కావాలి, దాని కింద పొడి తక్కువగా ఉన్న కంకర పొర కావాలి. బ్రిటన్‌లో ఆ కంకరను టైప్ 3 అంటారు. మామూలు పనులకు వాడే టైప్ 1లో రాతిపొడి ఎక్కువ, దిమ్మిస కొడితే అది బిగుసుకుపోయి నీటిని అంత తేలిగ్గా పోనివ్వదు. టైప్ 3 రకం కంకరలో సుమారు మూడోవంతు ఖాళీ ఉంటుందనుకుంటే, 150 మి.మీ. మందం పరిచినప్పుడు దాదాపు 50 మి.మీ. వానను అది తనలో దాచుకోగలదు. డ్రైవ్‌వే వరదను ఆపడమంటే అసలు అర్థం ఇదే, ఆ పని జరిగేది పైన కనిపించే రంగురాళ్లలో కాదు.

ఇక్కడే మట్టి సంగతి వస్తుంది. లండన్ చుట్టుపక్కల చాలాచోట్ల కింద ఉన్నది బిగువైన బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, నీటిని మాత్రం చాలా నెమ్మదిగా పీలుస్తుంది. అలాంటిచోట ‘నీరింకే నేల’ అంటే నీటిని కాసేపు నిలిపి, మెల్లగా వదిలే నేల అని మాత్రమే. సుద్దరాయి, ఇసుక నేలలున్న ఊళ్లలో అదే నిర్మాణం పూర్తిస్థాయిలో పనిచేస్తుంది. ఒకే బ్రోషర్ రెండు ఊళ్లకూ ఒకే మాట చెబుతుంది.

మూడో పక్షం తోటలవాళ్లది. రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2015 నుంచి బూడిదరంగు బ్రిటన్‌ను పచ్చగా చెయ్యాలంటూ ఉద్యమం నడిపింది. వీళ్ల మాట సూటిగా ఉంటుంది: నీరింకడం తోట చేసే పనుల్లో ఒకటి మాత్రమే. మొక్క నీడనిస్తుంది, వేసవిలో గాలిని చల్లబరుస్తుంది, తేనెటీగకు తిండి పెడుతుంది. ఎంత బాగా నీరు దిగే రెసినైనా ఇవేవీ చెయ్యలేదు. రెండు చక్రాలు నడిచే మేర రెండు పట్టీలు మాత్రమే పరిచి, మధ్యలో గడ్డి ఉంచాలన్నది వీళ్ల సలహా.

మూడు పక్షాలూ అబద్ధం చెప్పడం లేదు. మొదటిది పైపొర గురించి, రెండోది మొత్తం కట్టడం గురించి, మూడోది పోయినదాని గురించి మాట్లాడుతున్నాయి. ఇల్లున్నవాళ్లు ఎక్కువగా వినేది మొదటి పక్షాన్ని, వినవలసింది రెండో పక్షాన్ని అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మిక్సర్ దగ్గర జరిగేది

పైపొర పాడైన చోట కారణం వెతికితే చాలాసార్లు మిక్సర్ దగ్గర తేలుతుంది. పని తీరు ఇది: ఆరబెట్టిన రాయి 25 కిలోల సంచుల్లో వస్తుంది. నాలుగు సంచుల రాయికి కాస్త సన్నటి ఇసుక, సుమారు ఏడు, ఏడున్నర కిలోల రెసిన్ కలుపుతారు. రెసిన్ రెండు భాగాలుగా వస్తుంది, రెండూ కలిసిన క్షణం నుంచి గట్టిపడడం మొదలు. ఇలాంటి ఒక్కో కలుపు 18 మి.మీ. మందాన సుమారు మూడున్నర చదరపు మీటర్లకు వస్తుంది. అంటే 50 చదరపు మీటర్ల వాకిలికి పద్నాలుగు, పదిహేను కలుపులు. అన్నిటినీ ఒకేలా, ఒకే సమయం తిప్పాలి. ఒకటి తక్కువ తిప్పినా, ఒకటి ఎక్కువ తిప్పినా ఎండాక నేలమీద రంగు అతుకులు కనిపిస్తాయి. ఒకడు మిక్సర్ వదలకుండా గడియారం చూస్తూ ఉంటాడు, ఒకడు చక్రాల బండితో మోస్తుంటాడు, ఇద్దరు ముగ్గురు మోకాళ్ల మీద కూర్చుని తాపీ పడుతుంటారు, తాపీకి రెసిన్ అంటకుండా మాటిమాటికీ తుడుచుకుంటూ.

రెసిన్ ఖరీదైనది కాబట్టి పొదుపు అక్కడే మొదలవుతుంది. ఒక కలుపుకు అదనంగా మరో సంచి రాయి వేస్తే పొర ఆ రోజు అచ్చం అలాగే ఉంటుంది. రెండో శీతాకాలానికి రాళ్లు ఊడి చీపురు కిందకొస్తాయి. నిలబెట్టిన కారులో స్టీరింగ్ తిప్పే అలవాటున్న ఇంట్లో ఇంకా ముందే వస్తాయి.

రసాయనం సంగతికొస్తే, ఇళ్ల ముందు ఎక్కువగా వాడేది పాలియురెథేన్. అందులో రెండు తరగతులు. ఎండకు తట్టుకునేవి ఒకటి, తట్టుకోలేక పసుపు, గోధుమ రంగులోకి మారేవి రెండోది. రెండోది చవక. ముదురు గోధుమ రాయిలో మార్పు అంతగా తెలియదు, లేత బూడిద, తెలుపు రాళ్లలో మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎంచుకున్న రాయి లేత రంగైతే ‘యూవీ స్టేబుల్’ అన్న మాట కోటేషన్‌లో ఉండి తీరాలి.

పాలియురెథేన్‌కు శత్రువు తడి. గట్టిపడకముందు నీరు తగిలితే అందులోని ఐసోసయనేట్ నీటితో కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, నురగ కడుతుంది, పొర తెల్లబారుతుంది, పట్టు పోతుంది. పొద్దున మంచు ఆరని నేల మీద, చినుకు పడబోతున్న మబ్బు కింద పని మొదలుపెట్టడం అందుకే తప్పు. బ్రిటన్ వాతావరణంలో ఇది చిన్న షరతు కాదు. ‘వాన వస్తే ఆపుతాం’ అనే మేస్త్రీ మంచివాడు, ‘ఏం ఫర్వాలేదు’ అనేవాడితోనే ముప్పు. ఈ ఐసోసయనేట్లే వృత్తిపరమైన ఉబ్బసానికి పేరుపడ్డ కారణాల్లో ఒకటి. గట్టిపడ్డాక ఆ బెడద ఉండదు, కలిపేవాడికి మాత్రం చేతితొడుగులు, ముఖానికి రక్షణ తప్పనిసరి.

ఇంకో విశేషం. ఈ బైండర్లలో కొన్నిటికి ఆధారం ఆముదం. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండించి ఎగుమతి చేసేది మన దేశమే. అందులో గుజరాత్‌ది పెద్ద వాటా, తెలంగాణలో పాలమూరు, నల్గొండ మెట్టభూములు కూడా ఈ పంటకు పాతకాపులే. ‘మొక్కల నుంచి వచ్చిన రెసిన్’ అన్న ప్రకటన వెనక ఉన్న నిజం ఇంతవరకే. రెండో భాగం మాత్రం పెట్రోలియం రసాయనమే.

మిగతావాటి పక్కన పెట్టి చూస్తే

వదులు కంకర అన్నిటికన్నా చవక, నీరు ఇంకడంలో దాన్ని మించింది లేదు, పిల్లి నడిచినా చప్పుడవుతుంది కాబట్టి దొంగల భయమున్నవాళ్లకు ఇష్టం. చక్రాల కుర్చీకి, పిల్లల బండికి, హైహీల్స్‌కు మాత్రం అది శాపం. రాళ్లు వీధిలోకి జారతాయి. ప్లాస్టిక్ గళ్ల చట్రాల్లో పోస్తే ఈ ఇబ్బందులు చాలావరకు తగ్గుతాయి, రెసిన్ ఖర్చులో కొంతే అవుతుంది. ఈ మధ్యేమార్గం గురించి అమ్మకపు ప్రతినిధులు ఎందుకు మాట్లాడరో ఊహించడం కష్టం కాదు.

సిమెంటు బ్లాకులకు ఒక గొప్ప గుణం ఉంది: చెడిన చోట తీసి మళ్లీ పెట్టొచ్చు. గ్యాస్ పైపు కోసం తవ్వినా, ఒక మూల కుంగినా అవే బ్లాకులు తిరిగి సర్దుకుంటాయి. రెసిన్‌లో అతుకు వేస్తే అతుకు తెలుస్తుంది, ఎందుకంటే పాత పొర ఎండకు, టైర్లకు రంగు మారి ఉంటుంది. బ్లాకుల సందుల్లో గడ్డి మొలుస్తుంది, ఏటా కడగాలి, ఇసుక నింపాలి. నీరింకే రకం బ్లాకులు కూడా వేరుగా ఉన్నాయి, వాటికీ అడుగున అదే సందుల కంకర కావాలి. తారు చవక, త్వరగా అయిపోతుంది, అందం అడగకూడదు. అచ్చు వేసిన కాంక్రీటు మొదటి ఏడాది ముచ్చటగా ఉంటుంది, పగిలితే దాచుకోవడం కష్టం, నీరు అసలే ఇంకదు.

రెసిన్ బౌండ్ గెలిచేది ముఖ్యంగా మూడు చోట్ల. వంపులు తిరిగే వాకిలి, చక్రాల కుర్చీ నడిచే ఇల్లు, రాళ్లు ఎగరకూడని ఇరుకు వీధి. కలుపు కింది నుంచి రాదన్న మాట నిజమే, పైన చేరిన దుమ్ములో గాలి తెచ్చిన విత్తనం మాత్రం మొలుస్తుంది. ఉత్తరం వైపు నీడలో నాచు పడుతుంది. ఏడాదికోసారి ప్రెషర్ వాషర్‌తో కడగకపోతే ఆ సందులే మూసుకుపోతాయి, అప్పుడు నీరింకడం కాగితం మీదే మిగులుతుంది. గుమ్మం ముందు రోజూ పిండిముగ్గు వేసే ఇళ్లకు ఒక మాట: మెత్తటి పిండి, రంగులు ఆ సందుల్లోకే దిగుతాయి. ముగ్గుకు గడప దగ్గర విడిగా ఒక నాపరాయి వేయించుకోవడం మంచిది.

ఇంకా తేలని సంగతులు

మొదటిది మన్నిక. పదేళ్లని కొందరు, పాతికేళ్లని కొందరు అంటారు. రెండు అంకెలకూ ఆధారం ఉండొచ్చు, ఎందుకంటే మన్నేది పొర కాదు, కట్టడం. మంచి అడుగు మీద పరిచినవి బాగున్నాయి. పగిలిన కాంక్రీటు మీద పరిచినవి ఆ పగుళ్లనే పైకి చూపిస్తున్నాయి. ఇంటి యజమానికి కనిపించే గ్యారంటీ కాగితం చాలాసార్లు రాయికీ రెసిన్‌కూ మాత్రమే వర్తిస్తుంది, అడుగు కుంగడం దాని బయటి విషయం.

రెండోది ప్లాస్టిక్. టైర్ల రాపిడికి ఈ పొర నుంచి సూక్ష్మ రేణువులు ఎన్ని రాలుతాయి, అవి నేలలోకి ఎంత దిగుతాయి అన్నది ఇంకా వాదంలోనే ఉంది. తయారీదారులు పైన టైరు తాకేది రాయినే అంటారు. ఎదుటివాళ్లు ప్రతి రాయికీ పాలిమర్ పొర ఉందంటారు. వయసు తీరాక ఏం చెయ్యాలన్నది ఇంకా బలమైన ప్రశ్న. బ్లాకులు మళ్లీ వాడుకోవచ్చు, తారు కరిగించి మళ్లీ పోస్తారు. రెసిన్ పట్టిన రాయిని విడదీయడం అంత తేలిక కాదు, పొడి చేసి పూడికకు వాడడమే ఎక్కువ.

మూడోది నిబంధన అమలు. 2008 నాటి నియమం ఉంది, ఇంటింటికీ వెళ్లి చూసేవాళ్లు లేరు. వాననీటి కట్టడాలపై 2010 నాటి వరద చట్టంలోని భాగాన్ని వేల్స్ 2019లో అమల్లోకి తెచ్చింది, ఇంగ్లండ్ వాయిదా వేస్తూ వచ్చింది. అదీ ప్రధానంగా కొత్త నిర్మాణాల గురించే.

హైదరాబాద్‌లో విల్లా కట్టుకునేవాళ్లు కూడా ఇప్పుడు ఈ నేల గురించి అడుగుతున్నారు. అక్కడ సమస్య మరో రకం. 42 డిగ్రీల ఎండలో కలిపిన రెసిన్ తాపీ పట్టేలోపే గట్టిపడుతుంది, కాబట్టి పని తెల్లవారుజామునో చల్లటి నెలల్లోనో జరగాలి. వాననీటి విషయంలో మన నిబంధనలు వేరే దారి పట్టాయి. 2002 నాటి వాల్టా చట్టం పట్టుకున్నది ఇంకుడు గుంతను. గ్రానైట్, పార్కింగ్ టైల్స్ పరిచి నీటిని గుంతలోకి మళ్లిస్తే అదే పని తక్కువ ఖర్చులో అవుతుంది. బ్రిటన్ ప్రకటన చూసి అక్కడ రెసిన్‌కు ఖర్చు పెట్టాల్సిన అవసరం కనిపించదు.

సంతకానికి ముందు

మళ్లీ బ్రిటన్‌కు వస్తే, కొలతల విషయంలో మొదటిది ఎత్తు. పరిచిన నేల ఇంటి గోడలోని చెమ్మ అడ్డుపొర కంటే కనీసం 150 మి.మీ. కింద ఉండాలి. పాత నేల మీదే కొత్త పొర వేసే చవక పనుల్లో ఇది మొదట బలవుతుంది, తర్వాత లోపలి గోడకు చెమ్మ ఎక్కుతుంది. కాలిబాట దాటి కారు రావాలంటే కౌన్సిల్ అనుమతితో అంచురాయి దించాలి. డ్రైవ్‌వే కాంట్రాక్టర్ అది తన పని కాదంటాడు, అతను చెప్పింది సరైనదే.

డబ్బు విషయంలో చట్టం కొంత తోడుంటుంది. తలుపు తట్టి వచ్చినవాడితో ఇంట్లోనే ఒప్పందం చేసుకుంటే, మామూలుగా 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉంది. 100 పౌండ్లకు మించి 30 వేల లోపు పనికి అడ్వాన్సులో కొంతైనా క్రెడిట్ కార్డుతో కడితే, పని చెడినప్పుడు కార్డు కంపెనీని కూడా బాధ్యురాలిని చెయ్యొచ్చు. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం పని తగినంత శ్రద్ధతో, నేర్పుతో జరగాలంటోంది. పరిచిన సంస్థే మూతపడితే ఈ హక్కుల్లో చాలావాటికి విలువ ఉండదు. అందుకే బీమా దన్ను ఉన్న గ్యారంటీ అడగాలి.

మీ మట్టి నీరు బాగా ఇంకేదై, పాత నేలంతా తవ్వి టైప్ 3 కంకర, సందుల తారు వేసి, పొడి రోజున పరిచేవాళ్లు దొరికితే రెసిన్ బౌండ్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు. అంత ఖర్చు పెట్టలేకపోతే గళ్ల చట్రంలో కంకర వేసుకుని, మిగిలిన చోట ఒక మొక్కల పట్టీ ఉంచుకోండి. కోటేషన్‌లో అడుగు పొరల పేర్లు, మందాలు, రెసిన్ రకం, ఒక్కో కలుపులో రాయి ఎన్ని కిలోలు అన్న నాలుగు వివరాలు అడగండి. పాత పగిలిన కాంక్రీటు మీదే రెండు రోజుల్లో పరిచి పోతామనేవాళ్లకు మాత్రం, ధర ఎంత తక్కువైనా, సంతకం పెట్టకండి.